మేము వాడుచున్న లైనక్సు ఫోను

పనిముట్టును కొనుట వేఱు, దానికి యజమానుడగుట వేఱు. కమ్మరి తన సుత్తి పిడి వదులైనచో తానే బిగించుకొనును. రైతు తన నాగలి మేడి విరిగినచో వడ్రంగిచేత వేఱొకటి చేయించుకొనును. అందుల కెవరి యనుమతియు నడుగ నక్కఱలేదు. మనమందఱము జేబులలో మోయుచున్న ఫోను సంగతి యట్లు కాదు. వేలకొలది రూపాయలు పోసి కొన్నను, అది లోపల నేమి చేయుచున్నదో మనకు తెలియదు. అది యెన్నాళ్లు పనిచేయవలెనో నిర్ణయించువారును మనము కాము.

సంవత్సరమునకు పైగా మేము వాడుచున్న యొక ఫోను ఇందులకు భిన్నమైనది. దానిని మా చేత చూచి విద్యార్థు లనేకులు ప్రశ్నలు వేసిరి; కొందఱు తలిదండ్రులును అడిగిరి. సంచిక కేదైన నొక వ్యాసము వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరగా, ఆ ప్రశ్నలన్నింటికి నొక్కచోట సమాధానము చెప్పుట మంచిదని తోచినది. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. తెలుగును సాంఘికశాస్త్రమును బోధించువారము. కావున సామాన్యులకు వలసినంతయే చెప్పెదము. ఈ ఫోనువలన మాకు కలిగిన లాభముతోపాటు, దానివలన నొక రాత్రి జరిగిన కీడును గూడ దాచక వ్రాయుట మా విధియని తలంచుచున్నాము.

2019వ సంవత్సరమున మే మీ ఫోనును కొంటిమి. 2022లో దానికి రావలసిన రక్షణ సవరణలు నిలిచిపోయినవి. అద్దము పగులలేదు, బ్యాటరీ పాడు కాలేదు, మాటలు స్పష్టముగా వినబడుచునే యుండెను. అయినను, మఱి కొంతకాలమునకు బ్యాంకు యాప్ ఒకటి యీ ఫోను మిక్కిలి పాతదని చెప్పి పనిచేయుట మానుకొనెను. దుకాణదారుడు క్రొత్తది కొనుడని సలహా యిచ్చెను. గోడలు గట్టిగానున్న యింటిని, సున్నము వేయువారు లేరని పడగొట్టుకొనుమన్నట్లు మాకు తోచినది.

2024 క్రిస్మసు సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. అతడిప్పుడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. సంగతి విని, ఫోనును త్రిప్పి త్రిప్పి చూచి, “మాష్టారూ, ఇది పాతబడలేదండి. దీనిని చూచుకొనువారు మానివేసిరి, అంతే. తమరు సరేయన్నచో దీనిలో లైనక్సు వేసి యిచ్చెదను” అనెను. తరువాత కొంచెము తటపటాయించి, “కాని కొన్ని పనులు జరుగవండి, ముందే చెప్పుచున్నాను” అని వ్రేళ్లు మడచుచు నొక పట్టిక చెప్పెను. క్రొత్తదానిమీది యుత్సాహమున మే మా పట్టికను చెవులతో వింటిమేగాని మనస్సుతో వినలేదు. మా యింటివారు మాత్రము శ్రద్ధగా విని, “ఉన్నదానిని చెఱుపుకొని తరువాత నన్ననకుడు” అని లోపలికి పోయిరి.

భోజనపు బల్లమీద రెండు సాయంకాలములు ఈ పని జరిగెను. మొదట ఫోటోలను, ఉత్తరములను, నంబరులను వేఱొకచోట దాచవలసి వచ్చెను. ఏలయనగా తయారుచేసినవారు వేసిన తాళమును విప్పినతోడనే లోపలి సామగ్రి యంతయు తుడిచిపెట్టుకొని పోవును. అన్ని ఫోనులకు నీ తాళము విప్పుటకు వీలుండదు. మాది యదృష్టవశమున విప్పదగినది. రెండవనాటి రాత్రి పది గంటలకు నల్లని తెరమీద తెల్లని యక్షరములు వరుసగా పరుగెత్తి, పిమ్మట గడియారము కనబడెను. మాకు చిన్నపిల్లలకువలె సంతోషము కలిగినదని చెప్పుటకు సిగ్గుపడము.

లైనక్సన నేమి? కంప్యూటరునందు కెర్నెలు అను మూలభాగమొకటి కలదు. వసతిగృహమున నెవరికి చోటు, ఎవరికి నీరు, ఎవరి కెప్పుడు భోజనము అని పంచిపెట్టు మేనేజరు వంటిది యది. లోపలి కార్యక్రమములు ఒకదానితో నొకటి తగవులాడకుండ, యంత్రపు బలమును వాటికి పంచిపెట్టును. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థియైన లైనస్ టార్వాల్డ్స్, తన యిరువదియొకటవ యేట, అట్టి మూలభాగమును వ్రాయ నారంభించెను. అదియే లైనక్సు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించియుండెను. కార్యక్రమమును ఎవరైనను నడుపవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును అనునది ఆయన సిద్ధాంతము. 1992లో లైనక్సును గూడ ఆ నిబంధనల క్రిందికే వచ్చెను. నేడు ప్రపంచమందలి వేలాది మంది దానికి మెఱుగులు దిద్దుచున్నారు.

ఇచ్చట తెలివిగల విద్యార్థి యొక ప్రశ్న వేయును. “ఆండ్రాయిడ్ ఫోనులందును లైనక్సే యున్నదిగదా?” నిజమే. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వెలువడిననాటినుండి దాని మూలభాగము లైనక్సే. కాని పునాది యొకటియైనను పైమేడ వేఱు. ఆ మేడ గదుల తాళపుచెవు లనేకము తయారుచేసినవారియొద్ద నుండును. మేము చెప్పుచున్న ఫోనునందు, బడిలోని లైనక్సు కంప్యూటరునందుండు కార్యక్రమములే చిన్న తెరకు తగినట్లుగా కుదింపబడి యుండును. చాల గదులకు తాళము లేదు.

ఇట్టి ప్రయత్నములు క్రొత్తవి కావు. 2009లో నోకియావారు ఎన్900 అను ఫోనును ఇట్టి లైనక్సుతోనే విడుదల చేసిరి. 2015లో శామ్‌సంగ్‌వారు టైజెన్ అను లైనక్సు వ్యవస్థగల జెడ్1 ఫోనును మొట్టమొదట మన దేశముననే అమ్మిరి. 2017లో వచ్చిన జియోఫోను మన పల్లెలలో ననేకుల చేత నుండెను. దానిలోని కైఓఎస్ గూడ లైనక్సుమీద కట్టినదే. అనగా మీ తాతగారును పేరెఱుగకయే లైనక్సు ఫోనును వాడియుండవచ్చును. ఉబుంటువారు 2013లో ఫోనులకు తగిన తమ వ్యవస్థను ప్రకటించి, 2017లో విడిచిపెట్టిరి. అయితే దాని మూలము అందఱికిని తెఱచియుండుటచేత, యూబీపోర్ట్స్ అను పేరున స్వచ్ఛందముగా పనిచేయువారు దానిని చేరదీసి నడుపుచున్నారు. ఆ 2017లోనే, కంపెనీలు విడిచిన ఫోనులకు పదేండ్ల యాయువు నీయవలెనను సంకల్పముతో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అను వ్యవస్థ పుట్టెను. ఇట్టివాటిలో నొకటి మా ఫోనులో వేయబడినది.

ఇక దినచర్య. మొదటినాటి యుదయము మా సోదరి పంపిన తెలుగు సందేశము తెఱచి చూడగా, అక్షరములకు బదులు చిన్నచిన్న చదరపు పెట్టెలు కనబడెను. తెలుగు ఖతి లేకపోవుటయే కారణము. ఖతిని దింపిన నిమిషమునకు పెట్టెలన్నియు నక్షరములైనవి. చదువుటకు వీలైనది గాని వ్రాయుటకు వీలు లేకపోయెను. తెరమీది మీటలపలకయందు మాకు దొరికినది ఇంగ్లీషు మాత్రమే. తెలుగు ఉపాధ్యాయుడు తెలుగు వ్రాయలేని ఫోనును మోయుట కంటె నగుబాటేమి కలదు?

ఈ సంగతి తొమ్మిదవ తరగతిలో చెప్పగా, వెనుక బల్లమీద కూర్చుండు బాలు డొకడు సాయంకాలము మా యింటికి వచ్చెను. గణితమునం దతనికి మంచి మార్కులు రావు. తెలుగున సాధారణముగా వచ్చును. మీటలపలకయం దే యక్షర మెచ్చట నుండవలెనో తెలుపు పట్టిక ఫోనులోపల మామూలు వ్రాతలోనే యున్నదని అతడు కనుగొనెను. ఇంగ్లీషు పట్టికను చూచి, దానివలెనే తెలుగు పట్టికను వ్రాయుటకు పూనుకొనెను. మొదటివారము ఒత్తులు తలక్రిందులైనవి, ‘ఱ’ను మఱచిపోయెను, మేము గుర్తుచేయగా దానికొక మూల చోటిచ్చెను. పదునైదు దినములకు మా ఫోను తెలుగు వ్రాసెను. ఈ వ్యాసమునందలి మొదటి రెండు పుటలు ఆ బాలుడమర్చిన మీటలమీదనే వ్రాసితిమి. మూసియున్న ఫోనునం దతడు వాడుకరి మాత్రమే, ఇందులో పనివాడాయెను. ఈ యొక్క లాభమునకై మేము పడిన తక్కిన కష్టములను చాలవఱకు మఱచిపోగలము.

కష్టములు మాత్రము తక్కువ కాదు. మా సిమ్ము జియోవారిది. ఆ జాలమున 2జి లేదు. అందు 4జి మీది మాటలన్నియు వోల్టే అను పద్ధతిపైనే నడచును. ఆ పద్ధతి మా ఫోనునందు కుదురలేదు. కావున 2జి యింకను నడపుచున్న మఱియొక సంస్థకు మా నంబరును మార్చుకొంటిమి. అప్పుడు మాటలు వచ్చినవి. ఫోటోలు సంధ్యవేళ తీసినట్లు మసకగానుండును. వార్షికోత్సవమునాడు మేము తీసిన చిత్రములలో ప్రధానోపాధ్యాయులవారు ఎవరో గుర్తింపరాకుండిరి.

వాట్సాప్‌వారు ఇట్టి ఫోనులకు యాప్ తయారుచేయలేదు. బడి సమాచారమంతయు దానిలోనే వచ్చును గనుక, మా కుమార్తె విడిచిన పాత ఆండ్రాయిడ్ ఫోనున దానిని నిలిపి, మా ఫోనునందు వెబ్ ద్వారమున చూచుకొనుచున్నాము. పదునాలుగు దినములకు పైగా ఆ మూలఫోనును తెఱవకున్నచో సంబంధము తెగిపోవును. అందుచేత బీరువా సొరుగులో నున్న దానిని ఆదివారమునాడు తీసి, ఛార్జింగు పెట్టి, తెఱచి, మరల దాచుచుందుము.

అన్నింటికంటె నిబ్బంది పెట్టినది డబ్బు చెల్లింపు. 2016లో యూపీఐ వచ్చిన పిదప మన వీధులలో కూరగాయలమ్మకును చిల్లరతో పని తగ్గినది. ఆ యాపులు మా ఫోనున నడువవు. ఇంటర్నెట్టు లేకున్నను *99# అని నొక్కి అయిదువేల రూపాయలవఱకు పంపు సౌకర్యము కలదు. 2014నుండి దేశమంతట నున్నది. అది మా ఫోనున పనిచేసినది. కాని అంకె నొక్కి, వేచియుండి, మరల నంకె నొక్కి, సంకేతసంఖ్య చెప్పి ముగించుసరికి కిరాణా కొట్టున మా వెనుక నలుగురు నిలువబడుచుండిరి. “మాష్టారూ, తరువాత ఇద్దురుగాని లెండి” అని కొట్టుయజమాని మర్యాదగా ననుచుండెను. క్రమముగా కరెంటు బిల్లు, గ్యాసు, పాలు అన్నియు మా యింటివారి ఫోనునుండియే చెల్లించుట యలవాటాయెను. మే మిది గమనింపలేదు. మేము స్వతంత్రులమని చెప్పుకొనుచుండగా, ఆ స్వాతంత్ర్యమునకు కప్పము ఆమె కట్టుచుండెను.

బ్యాటరీ సంగతి యింకొకటి. ఉదయము ప్రార్థనగంటకు నిండుగా నున్నది మధ్యాహ్న భోజనమునాటికి సగమునకు దిగుచుండెను. ఫోనును వాడనప్పుడు గాఢనిద్రకు పంపు నేర్పాటొకటి కలదు. అట్లు నిద్రించినప్పుడు దాదాపు అన్ని భాగములు నాగిపోవును. ఫోను వచ్చినప్పుడు మాత్రము మోడెమను భాగము దానిని తట్టిలేపవలెను. 2025 జూలైలో మే మా యేర్పాటును చేసికొంటిమి. పగటివేళ రెండుమారులు మా యింటివారి ఫోనునుండి పిలిచి చూచితిమి. రెండుమారులును లేచి మ్రోగెను. చాలునని తలంచితిమి.

ఆ సంవత్సరము ఆగస్టునెలలో వసతిగృహమున రాత్రివేళ బాధ్యత మాది. వార్డెనుగారు తమ తల్లిగారి యనారోగ్యముచేత ఊరికి పోయియుండిరి. అత్యవసరమునకు పిలువవలసిన నంబరు వసతిగృహపు గోడమీద పెద్ద యంకెలతో వ్రాసియుండెను. అది మా నంబరు. మా యిల్లు అచ్చటికి అర కిలోమీటరు. ఒక రాత్రి వానగా నుండెను. ఫోనును తలాపునగల బల్లమీద పెట్టుకొని మేము నిద్రించితిమి. అదియు నిద్రించెను.

తెల్లవారుజామున రెండు గంటలు కావచ్చుచుండగా ఎవరో తలుపు బాదుచుండిరి. తెఱచి చూడగా వాచ్‌మన్ తడిసి ముద్దయై సైకిలు పట్టుకొని నిలువబడియుండెను. “అయ్యా, ఎనిమిదో తరగతి పిల్లవాడికి కడుపునొప్పండి. మెలికలు తిరిగిపోతున్నాడు. మీకు ఫోను చేస్తూనే ఉన్నారండి, మోగటల్లేదు” అనెను. లోపలికి పరుగెత్తి ఫోనును తీసి మీట నొక్కితిమి. తెర వెలిగినది, ఏ పిలుపును వచ్చినట్లు దానికి తెలియదు. వసతిగృహమునకు పోయి చూడగా పెద్ద విద్యార్థు లిద్దఱు ఆ బాలుని పట్టుకొని కూర్చుండిరి. “పదకొండు సార్లు చేశామండి” అని వారిలో నొకడు నెమ్మదిగా ననెను. నలుబది నిమిషములు వారు మా కొఱకు ఎదురుచూచిరి.

ఆటోలో ఆసుపత్రికి చేర్చితిమి. అపెండిక్సు వాచినదనియు, ఆలసింపరాదనియు వైద్యులు చెప్పి, తెల్లవారకముందే శస్త్రచికిత్స చేసిరి. బాలుడు బ్రతికెను, ఇప్పుడు కబాడీ యాడుచున్నాడు. అయితే ఆ యుదయము ఆసుపత్రి వసారాలో మేము కూర్చుండిన మూడుగంటలును మా జీవితమున మఱపునకు రావు. తొమ్మిదిగంటలకు తండ్రి పల్లెనుండి వచ్చెను. కూలిపని చేసికొని బ్రతుకువాడు. జరిగినది చెప్పి, ఫోను మ్రోగలేదని గూడ చెప్పితిమి. అతడు మమ్ము నిందింపలేదు. “మీరున్నారనే కదండీ అయ్యగారూ, అంత దూరంలో వదిలిపెట్టింది” అని మాత్రము అనెను. కృతజ్ఞతగానే అనెను. ఆ మాట మాకు నిందకంటె బరువుగా తోచినది.

ఆ వారము మే మా ఫోనును సొరుగులో పెట్టితిమి. శనివారమునాడు తొమ్మిదవ తరగతి బాలుడు వచ్చి, “మాష్టారూ, ఎందుకు మ్రోగలేదో చూద్దామండి” అనెను. ఈ ఫోనునందు జరిగినదంతయు గడియారపు లెక్కతో లోపల వ్రాయబడి యుండును. ఆ దినచర్యను యజమాని చదువవచ్చును. ఇద్దఱమును ఆ పంక్తులను చదివితిమి. రాత్రి పది గంటల యేబది రెండు నిమిషములకు ఫోను నిద్రకు పోయెను. పిదప మోడెముతో సంబంధము తెగినట్లొక పంక్తి. అటుతరువాత మేము మీట నొక్కువఱకు నొక్క యక్షరము లేదు. లేపవలసినదియు నిద్రపోయినది. పగలు మేము పరీక్షించినప్పుడు ఫోను అయిదు నిమిషములకంటె నిద్రింపలేదు. మూడుగంటల నిద్రను మే మెన్నడును పరీక్షింపలేదు.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిన పాఠములలో నొకటి, బోధనోపకరణమును తరగతికి తీసికొనిపోవుటకు ముందు, అది యే స్థితిలో పనిచేయవలెనో ఆ స్థితిలోనే పరీక్షించి చూచుకొనుమనుట. ఇరువది సంవత్సరములనుండి మేము దీనిని క్రొత్త ఉపాధ్యాయులకు చెప్పుచున్నాము. వర్షపు రాత్రి యొక బాలుని ప్రాణము ఆధారపడు పరికరమును, ఎండలో రెండుమారులు చూచి సరిపెట్టుకొంటిమి. తప్పు ఫోనుది కాదు.

బాలుడు ఆ పంక్తులను ప్రతి తీసి, జరిగినది వివరించుచు, ఆ వ్యవస్థను చక్కబఱచువారికి నొక లేఖ వ్రాసెను. అతని ఆంగ్లమునందు రెండు మూడు దోషము లుండెను. దిద్దుదుమా యని యడిగితిమి గాని తొందరలో పంపివేసెను. రెండుదినములలో ఎవరో దూరదేశస్థుడు ప్రత్యుత్తర మిచ్చెను. దోషములను చూచి నవ్వలేదు. ఇంకను కొన్ని వివరము లడిగి, అంతవఱకు గాఢనిద్రను మానిపించుడని మార్గము చెప్పెను. నెల దినములకు వచ్చిన సవరణతో ఆ లోపము తొలగెను. ఈ విధముగా మా యూరి బాలుడొకడు వ్రాసిన లేఖ, అతడెన్నడును చూడని వారి ఫోనులను గూడ మేల్కొల్పినది. అతడు దీనిని గొప్పగా చెప్పుకొనడు. అందుచేత మేము చెప్పుచున్నాము.

లోపము తొలగినది గనుక ఫోనును మునుపటివలె వాడవచ్చునా? ఈ విషయమున మేము చాల దినము లాలోచించితిమి. తుదకు మాకు తోచిన దిది. సౌకర్యమును విడిచి స్వాతంత్ర్యమును కోరుటకు ప్రతివానికి నధికారము కలదు. మసక ఫోటోలు మావి. కొట్టున సిగ్గుపడినది మేము. ఆ నష్టములు మేము భరింపదగినవే. కాని పాలబిల్లు చెల్లించుటకు మా యింటివారిని, పదకొండుమారులు పిలుచుటకు పెద్దపిల్లలను, వానలో సైకిలు త్రొక్కుటకు వాచ్‌మన్‌ను, కడుపు పట్టుకొని వేచియుండుటకు ఒక బాలుని నియమించు నధికారము మా కెవరిచ్చిరి? ఎన్నిక మాది, వెల వారిది. అట్టి బేరమును న్యాయమని యనజాలము.

కావున ఒక యేర్పాటు చేసికొంటిమి. గోడమీదనున్న నంబరుగల సిమ్మును సామాన్యమైన బటను ఫోనులో వేసితిమి. దాని బ్యాటరీ నాలుగుదినములు వచ్చును; పిలిచినప్పుడు మ్రోగుట తప్ప మఱియొక విద్య దానికి రాదు, మాకు కావలసినది నదియే. రాత్రి యది మా తలాపున నుండును. గోడమీద మా నంబరు క్రింద వార్డెనుగారి నంబరును, మా యింటివారి నంబరును, వాటి పైన 108 సంఖ్యను వ్రాయించితిమి. 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నారంభమైన ఆ అంబులెన్సు సేవను ముందుగా పిలిచి, మమ్ము తరువాత పిలువవలెనని పిల్లలకు చెప్పియున్నాము. ఇంటి బిల్లులు మేము నగదుగా, మా కాళ్లతో నడచిపోయి, చెల్లించుచున్నాము.

లైనక్సు ఫోను మాత్రము మరల సొరుగు విడిచి మా జేబునకు వచ్చినది. వేఱొక సిమ్ముతో మిత్రులతో మాటలాడుటకును, ఉత్తరములకును, పాఠముల సిద్ధతకును, వార్తలకును దినమంతయు దానినే వాడుచున్నాము. ప్రతి రాత్రి పది గంటలకు బటను ఫోనునుండి దానికొక పిలుపు చేసి చూతుము. తెల్లవారి అయిదింటికి, ఏడుగంటల నిద్ర పిదప, మరల నొకటి. సవరణ వచ్చిననాటినుండి నేటివఱకు తప్పక మ్రోగుచున్నది. అయినను గోడమీది నంబరును దానిలోనికి మార్చలేదు; ఇప్పట్లో మార్చము.

విద్యార్థులారా, మీరెల్లరు లైనక్సు ఫోను కొనుడని మేము చెప్పుట లేదు. మీలో కొందఱికి యంత్రముల లోపలి భాగములు చూడవలెనను కుతూహలము కలదు. అట్టివారు ఇంటిలో మూలబడియున్న పాత ఫోనును, తండ్రిగారి యనుమతితో, తీసికొని రండు. కంప్యూటరు గదియందు శనివారము మధ్యాహ్నము మేమును, తొమ్మిదవ తరగతి బాలుడును ఉందుము. తలిదండ్రులారా, పిల్లలు పాడుచేయుదురని భయపడకుడు. పాడైనదానిని చదివి బాగుచేయు నలవాటు అట్లే యబ్బును.

ఆ యెనిమిదవ తరగతి బాలుడు మొన్న మా యింటికి వచ్చి, బల్లమీద ప్రక్కప్రక్కల నున్న రెండు ఫోనులను చూచి, “వీటిలో మంచిది ఏదండి?” అని యడిగెను. వెంటనే సమాధానము తోచలేదు. బటను ఫోనును చూపి, “నీకొఱ కిది” అంటిమి. రెండవదానిని చూపి, “నీవు నేర్చుకొనుట కిది” అంటిమి. అతడు రెండవదానిని చేతిలోనికి తీసికొని, ‘ఱ’ ఎచ్చట నున్నదో వెదక నారంభించెను.